టక్కుమన్న నడుములు

నా మొగుడు సుంకన్న ఎడమకాలి చెప్పు దారిలో ఎక్కడో జారిపోతే, అది తెలియకుండానే ఇంటికి వచ్చేవాడు. పదిహేనేళ్లుగా తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీలో లారీలకు బండలెత్తే పని ఆయనది. అనంతపురం పెద్దాసుపత్రిలో స్కాన్ తీశారు. వెన్నులో నరం నొక్కుకుపోయిందన్నారు. రెండు నెలలు బరువు ముట్టకూడదు, ఎవరి చేతా నడుము విరిపించుకోకూడదు, మాట వినకపోతే కాలు పడిపోతుందన్నారు. ఆయన బుద్ధిగా తలూపాడు. ఇంటికి రాగానే అదంతా రాసిచ్చిన ఆసుపత్రి కాగితం బియ్యం డబ్బా వెనక దాచి, మూడో రోజు పనికి పోయాడు.

అంతలో ఫ్యాక్టరీ మేస్త్రీ మల్లికార్జున బెంగళూరు నుంచి ఒక డాక్టర్ని పిలిపించాడు. కైరోప్రాక్టిక్ అట. మందూ మాకూ లేకుండా చేతులతోనే వెన్ను సర్దుతాడట. అలా సర్దే వీడియోలు ఫోన్లలో చూసి హమాలీలంతా మురిసిపోతున్నారు.

"టక్‌మని సప్పుడొస్తే ఎముక జాగాలో పడినట్లేనంట. పొద్దున సర్దిపించుకుంటే మధ్యానానికి బండలెత్తొచ్చు," అన్నాడు సుంకన్న.

"జాగాలో పడేదానికి అది యాడికి పోయింటాది? తిరనాళ్లకు పోయిందా?" అన్నాను.

నాకు ఒళ్లు మండింది. నడుము విరిస్తే వచ్చే ఈ తేలిక సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను ఎదురుకాళ్లతో పుట్టినదాన్ని. అలా పుట్టినవాళ్లు తొక్కితే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. ఆరేళ్ల వయసు నుంచి మా వాకిట్లో ఊరంతా వచ్చి బోర్లా పడుకునేది, నేను తొక్కేదాన్ని. "తేలికయిందమ్మా" అని లేచి పోయేవాళ్లు. తేలికవడం అబద్ధం కాదు. పట్టేసిన ఒళ్లు కాసేపు వదులుతుంది, అంతే. ఆ కాసేపును నమ్మి మా మేనమామ పుల్లన్న అదే రోజు శనక్కాయ మూటలెత్తి మంచం పట్టాడు. ఆ తర్వాత నేను ఎవరి నడుమూ తొక్కలేదు.

డాక్టరు వచ్చిన శుక్రవారం ఆ కాగితం వెతికి పట్టుకుని ఫ్యాక్టరీకి పోయాను. షెడ్డులో బల్ల వేశారు. చొక్కాలు విప్పి మగాళ్లంతా వరసలో నిలబడ్డారు. డాక్టరు మా ఆయన తోటి హమాలీ గోవిందప్పను పక్కకు తిప్పి ఒక్క నొక్కు నొక్కాడు. టక్‌మంది. అందరూ ఈలలు వేశారు. తర్వాత సుంకన్న బోర్లా పడుకున్నాడు.

"ఆ సప్పుడేంది సార్?" అని అడ్డం పోయాను.

"కీలులో గాలి బుడగమ్మా. వేళ్లు విరుచుకుంటే వస్తుందే, అలాంటిదే," అన్నాడు డాక్టరు.

"మరి ఎముక?"

"ఎముక ఎక్కడికీ పోదు. బిగుసుకున్న కీలు కదిలితే కొందరికి నొప్పి తగ్గుతుంది."

కాగితం ఆయన చేతిలో పెట్టాను. చదివి రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు. "కాలు తిమ్మిరుందా అంటే లేదన్నాడే! ఈ నడుము నేను ముట్టను." వరస వైపు తిరిగాడు. "ఇంకెవరికైనా తిమ్మిరి ఉందా?"

ఒక్క చెయ్యి లేవలేదు.

"గోవిందప్పా, బండి సైలెన్సరు తగిలి కాలు కాలినా నీకు తెలీలేదంట గదా! నీ పెండ్లాం బయమ్మ కొళాయి కాడ చెప్పి ఏడ్సింది. చెప్పప్పా!" అని అరిచాను. డాక్టరు గాభరాగా గోవిందప్ప వైపు చూశాడు.

"మా ఇంటి సంగతి నీకెందుకు?" అని గోవిందప్ప చొక్కా వేసుకున్నాడు.

"లారీ నిలబడుండాది," అన్నాడు మేస్త్రీ. "సుంకన్నా, నువ్వు రేపట్నుంచి రావద్దు."

బండలెత్తే మిషను తెమ్మని పదేళ్లుగా హమాలీలు అడుగుతున్నారు, ఫ్యాక్టరీవాళ్లు తేలేదు. నడుములు విరిచే మనిషిని మాత్రం కారులో తెచ్చారు. ఆ మాట మేస్త్రీ మొహం మీదే అనేసి బయటికి వచ్చాను.

గేటు దగ్గర సుంకన్న కళ్లెర్ర చేశాడు. "నా నోట్లో మన్ను కొట్టినావు గదే! ఇంగ నాతో మాట్లాడొద్దు." గబగబా ముందుకు పోయాడు.

"మాట్లాడకు!" అని వెనక నుంచి అరిచాను. "సచ్చేదాంకా మాట్లాడకు! నీ రెండు కాళ్ల మీద నడుచుకుంటా పోతాండావు గదా, అట్లే పో!"