ముందు చక్రాల మీది పసుపు

మునిరత్నానికి వినకుండానే సరే అనే జబ్బు ఉంది. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. "సరే సరే." పెళ్లయిన నాటి నుంచి చంద్రకాంతమ్మ చెప్పిన మాటలు ఎన్ని ఆ రెండు సరేల కింద పడి నలిగిపోయాయో దేవుడికే తెలియాలి. ఉప్పు తెమ్మంటే సరే సరే అని సంతకు వెళ్లి కొత్త కొడవలితో తిరిగొస్తాడు. మనిషి మాత్రం బంగారం. బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడి రైతుల్లో అతన్ని ఒక్క మాట అన్నవాళ్లు లేరు. అంత మంచివాడితో కాపురం చేయడంలో ఉన్న కష్టం చంద్రకాంతమ్మ ఒక్కతెకే తెలుసు.

తొంభై ఏడు జూన్ నెలలో ఆ జబ్బే కొంప ముంచింది. ఊరికి ఎగువన కొండవాలులో వాళ్లకొక తోట ఉంది. అన్నీ కాలేపాడు మామిడి చెట్లు. కాపురానికి వచ్చిన కొత్తలో కుండలతో నీళ్లు మోసి చంద్రకాంతమ్మ పెంచిన తోట అది. కాయ కోయించడానికి ఇద్దరూ పాత జీపులో బయలుదేరారు. కొండ కిందికి రాగానే వాన మొదలైంది. "వాన నిలిచినాంక ఎక్కుదాం లేయ్యా" అంది వెనక గంపల మధ్య కూర్చున్న చంద్రకాంతమ్మ. "సరే సరే" అని మునిరత్నం గేరు వేశాడు. దారి మధ్యలో నున్నబండ అని ఒక పెద్ద రాతిపలక ఉంది. తడిసిందంటే దాని మీద మేక కూడా నిలవదు. జీపు దాని మీద నుంచి వెనక్కి జారి, పక్కనున్న వేపచెట్టుకు గుద్దుకుంది. గంపలతోపాటు ఆమె కింద పడింది. కాలు విరిగింది.

పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురుబద్దలు. మళ్లీ పోయి మళ్లీ కట్టించారు. ఎముక అతుక్కుంది గానీ ఎత్తు ఎక్కే శక్తి మాత్రం ఆ కాలికి తిరిగి రాలేదు. ఇంటి ముందు నుంచి చూస్తే కొండ తోట పచ్చగా కనిపిస్తుంది. అక్కడి నుంచే చూసుకునేది.

మొగుణ్ని ఆమె ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆనాటి నుంచి అతను నడిపే బండి ఎక్కడం మానేసింది, అంతే. అడిగితే దుమ్ము అనేది, కడుపులో తిప్పుతుంది అనేది, బస్సులో గాలి బాగా ఆడుతుంది అనేది. చిత్తూరులో బంధువుల పెళ్లికి కూడా ఆమె బస్సులో, అతను జీపులో వెళ్లారు. అతను దారి పొడుగునా ఆ బస్సు వెనకే వెళ్లాడు. కిటికీలో ఆమె కొప్పు, అందులో కనకాంబరాలు కనిపిస్తూ ఉన్నాయి. పెళ్లివాళ్లంతా నవ్వారు. మునిరత్నం కూడా వాళ్లతో కలిసి నవ్వి, చేయి కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు.

ఇంక లాభం లేదనుకుని, తొంభై ఎనిమిది ఎండాకాలంలో బండి మార్చడానికి తీర్మానించాడు. ఆమె భయం పోవాలంటే నున్నబండ మీద జారని బండి రావాలి. అంతకు మించి అతని బుర్రకు తట్టలేదు.

తోడుగా యోగానందను పిలుచుకుని చిత్తూరు షోరూంకు వెళ్లాడు. యోగానంద చిన్ననాటి స్నేహితుడు, గుజ్జు ఫ్యాక్టరీలకు కాయలు తోలే మనిషి. వాళ్లకు బండ్లు చూపించినవాడు సుకుమార్ అనే కుర్ర సేల్స్‌మన్. ముందుగా ఒక చిన్న జీపు చూపించి, పొలానికీ టౌనుకూ ఇదే బాగుంటుందని పొగిడాడు. మునిరత్నం ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"తడిసిన బండ ఎక్కుతాదా?"

"ఇది ఎక్కదు సార్. వెనక చక్రాలే లాగుతాయి దీనికి. అదో, ఆ పెద్దది ఎక్కుతాది. నాలుగు చక్రాలూ లాగుతాయి."

పెద్దది పెద్దదే. పొడుగు, ఎత్తు, లారీకి తమ్ముడిలా ఉంది. యోగానంద దాని చుట్టూ తిరిగి వచ్చి చెవిలో అన్నాడు. "ఇంట్లో ఉండేది మీరిద్దరే గదబ్బా. కాయలకైతే ట్రాక్టరు సాలదా? ఇంత బండి యాడ నిలబెడతావు?"

కాయల కోసం కాదని చెప్పలేక మునిరత్నం లోపలికెక్కి కూర్చున్నాడు. స్టీరింగు వైపు కాదు, ఆ పక్క సీట్లో. ఎదురుగా పట్టుకోవడానికి ఇనుప కమ్మీ ఒకటి ఉంది. రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాడు. కదల్లేదు. "ఇదే" అన్నాడు.

షోరూం ముందే పూజ చేయించారు. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు, ముందర గుమ్మడికాయ, ఇంతెత్తున కర్పూరం. పంతులు హారతి తిప్పుతుండగా మునిరత్నం చేతులు జోడించి, కళ్లు మూసుకుని, ఆమె ఎక్కితే చాలు సామీ అని మొక్కుకుంటున్నాడు. సుకుమార్‌కు ఆ సమయంలోనే గుర్తొచ్చింది, చెప్పాల్సింది ఇంకా ఉందని. చెవి దగ్గరకు వంగి ఏదో చెప్పాడు.

"సరే సరే" అన్నాడు మునిరత్నం.

పంతులు గారు దక్షిణకు తగ్గట్టు పసుపు వాడే మనిషి. ఆ రోజు దక్షిణ ఘనంగా ముట్టింది. చక్రాల మధ్య భాగాలు నాలుగూ పసుపు ముద్దలయ్యాయి, వాటి మీద కుంకుమ.

చంద్రకాంతమ్మ కొత్త బండికి దిష్టి తీసింది. శుక్రవారం శుక్రవారం చక్రాలకు పసుపు రాసి బొట్టు పెట్టింది. దేవుడి ముందు పెట్టిన పూలు అద్దానికి పెట్టింది. ఎక్కడం మాత్రం ఎక్కలేదు. "బాగుండాది, శానా బాగుండాది" అంటుంది, సంచి పట్టుకుని బస్సుకు పోతుంది.

ఆమెను తోటకు పిలిచేముందు ఒకసారి తానే ఎక్కించి చూద్దామనుకున్నాడు మునిరత్నం. జూన్‌లో మొదటి వాన పడిన మరునాడు ఎవరికీ చెప్పకుండా వెళ్లాడు. నున్నబండ ముందు ఆగి, సుకుమార్ నేర్పిన చిన్న గేరు వేశాడు. బండి సగం ఎక్కింది. ఆ తర్వాత వెనక చక్రాలు గిరగిరా తిరిగాయి, ముందువి ఊరికే నిలబడ్డాయి, అంత పెద్ద బండీ మెల్లగా వెనక్కి జారింది. ఈసారి వేపచెట్టు దాకా పోలేదు, పక్కనున్న బురదలో దిగబడింది. బయటికి తీయించేసరికి అతనికి ఏడుపొక్కటే తక్కువ.

ఇంటికి రాగానే చంద్రకాంతమ్మ బండిని చూసింది. ఒక పక్కంతా ఎర్రమట్టి. అతని ముఖం చూసింది. కాళ్లకు నీళ్లు ఇచ్చింది.

"యోగానందకు చెప్తాను, ఎవరికన్నా అమ్మేయమని" అన్నాడు మునిరత్నం.

ఆ మర్నాడు శుక్రవారం. అమ్మేసే బండైనా శుక్రవారం శుక్రవారమే కదా. చంద్రకాంతమ్మ చింతపండు, గుడ్డ తీసుకుని పాత పసుపు కడగడానికి కూర్చుంది. వెనక చక్రాలు తొందరగానే తెల్లబడ్డాయి. ముందు చక్రం దగ్గర వారాల తరబడి పేరుకుపోయిన పసుపు ఊడిరాలేదు. గట్టిగా రుద్దింది. గుడ్డ కింద ఏదో తిరిగి టక్కుమంది.

"ఏమయ్యా! ఈడికి రా! ఏందో ఇరిగిపోయినట్టుండాది!"

మునిరత్నం పరుగున వచ్చాడు. చక్రం మధ్యలో కుళాయి పిడిలాంటి బిళ్ళ ఒకటి, దాని మీద బాణం గుర్తు. ఆమె దాన్ని వెనక్కి తిప్పింది. టక్. ముందుకు తిప్పింది. టక్.

"వెనక వాటికి ఇది లేదు. ముందు వాటికే ఉండాది. ఇది తిప్పేదానికి గాక ఎందుకు పెట్టింటారు? ఆ పిల్లోడు నీకేం జెప్పలేదా?"

చెప్పాడా? మునిరత్నానికి కర్పూరం వాసన గుర్తొచ్చింది, చెవి దగ్గర ఊపిరి గుర్తొచ్చింది, మాట మాత్రం ఒక్కటీ గుర్తు రాలేదు. రోడ్డు మీది ఎస్టీడీ బూత్‌కు వెళ్లి సుకుమార్‌కు ఫోన్ చేశాడు.

"ఆ దినమే జెప్పినాను గదా సార్! బండ ఎక్కే ముందు దిగి, ముందు చక్రాల బిళ్ళలు రెండూ తిప్పల్ల. తిప్పకపోతే గేరు వేసినా ముందు చక్రాలు లాగవు. మీరు కండ్లు మూసుకోని సరే సరే అంటిరే!"

తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. చంద్రకాంతమ్మకు నవ్వు ఆగలేదు. కాలు విరిగినాక ఆమె అంతగా నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి కొంగుతో కళ్లొత్తుకుంది.

"అయితే నేను పోయి ఎక్కించి సూసి వస్తా" అని అతను తాళం చెవి తీశాడు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఒక పక్క తిప్పి ఇంకో పక్క మర్సిపోతావు నువ్వు" అంది. కాసేపు బండినే చూస్తూ నిలబడింది. "ఉండు. నేనూ వస్తా."

మునిరత్నం గబగబా పోయి ఆ పక్క తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని భయం.

నున్నబండ ముందు బండి ఆపాడు. రాత్రి మళ్లీ పడిన జల్లుకు రాతి మీద తడి మెరుస్తోంది. చంద్రకాంతమ్మ దిగి, కుంటుకుంటూ ఈ చక్రం దగ్గరికి ఒకసారి, ఆ చక్రం దగ్గరికి ఒకసారి వెళ్లి రెండు బిళ్ళలూ తానే తిప్పింది. పసుపు చేతులతో వచ్చి, ఎక్కి కూర్చుని ఇనుప కమ్మీ పట్టుకుంది. మునిరత్నం చిన్న గేరు వేశాడు. ఈసారి ముందు చక్రాలు రాతిని పట్టుకున్నాయి. బండి కదం తొక్కకుండా, కంగారు పడకుండా ఎక్కుతోంది. బండ మధ్యలో కాస్త చదునుగా ఉన్నచోటికి వచ్చేసరికి ఆమె కంటికి వేపచెట్టు కనబడింది, దాని బెరడు మీద పాత గాయం కనబడింది.

"ఆపు" అంది.

ఎక్కే బండిని మధ్యలో ఆపరాదని మునిరత్నానికి తెలుసు. సరే సరే అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేసి బ్రేకు తొక్కాడు. బండి నిలబడింది. ఆమె చెట్టు వైపు చాలాసేపు చూసింది. కమ్మీ మీద బిగుసుకున్న వేళ్లు ఒక్కొక్కటీ వదులయ్యాయి.

"ఊఁ. ఇంక పోనీ."

తోటలో అడుగు పెట్టగానే తిట్లు మొదలయ్యాయి. "ఈ కొమ్మకు బదనిక పట్టుండాదే, కొట్టించలేదా? కిందటేడే జెప్పింటి!"

"జెప్పింటావు. నేను వినింటేగదా" అన్నాడు మునిరత్నం. ఆ తిట్లు వింటూ ఆమె వెనకే చెట్టు చెట్టుకూ తిరిగాడు. అంత సంతోషంగా అతను ఆ తోటలో ఎప్పుడూ తిరగలేదు.

మాగిన కాయలు ఏరి ఆమె ఒక సంచి నింపింది. చిత్తూరులో ఉన్న అక్క రుక్మిణమ్మకు కాలేపాడంటే ప్రాణం, ఈ రోజే ఇచ్చి రావాలంది. కొండ దిగి పెద్ద రోడ్డు మీదికి వచ్చేసరికి పలమనేరు వైపు నుంచి బస్సు వస్తోంది. మునిరత్నం బండిని పక్కకు తీసి ఆపాడు.

"అదో, నీ బస్సు. చెయ్యెత్తేదా?"

బస్సు హారన్ కొడుతూ దగ్గరికి వచ్చింది, వాళ్లను దాటి వెళ్లిపోయింది. చంద్రకాంతమ్మ కదల్లేదు. సంచి ఒళ్లోకి లాక్కుని, పసుపు అంటిన కమ్మీ మీద చెయ్యి వేసింది.

"బస్సులో ఆపమంటే ఎవురు ఆపుతారు? నువ్వే పోనీ. నిదానంగా."

"సరే" అన్నాడు మునిరత్నం, ఒక్కసారే.