మొదటి కంచం

"నువ్వు తింటే గానీ నేను తినను" అనేది మా అత్తగారు జమాల్ బీ ప్రేమగా అనే మాట. నేను కడుపుతో ఉన్నానని తెలిసిన రోజు నుంచి మధ్యాహ్నం మొదటి కంచం నాదే. కడుపుతో ఉన్న కోడలు తినకుండా అత్త ముద్ద ముట్టకూడదని వాళ్ళ సొంతూరు పామర్రు నుంచి వస్తున్న ఇంటి ఆనవాయితీ. ఆమెకేమో షుగరు. తిన్నాక వేసుకోవాల్సిన మాత్ర పక్కన పెట్టుకుని నా నోటి వంకే చూస్తూ కూర్చుంటుంది. నేను ఆలస్యం చేస్తే ఆమె చేతులు వణుకుతాయి. ఇక తినక ఏం చేస్తాను?

తినేది నేతి అన్నం. అన్నం మధ్యలో గుంట చేసి గేదె నెయ్యి పోస్తుంది. నెయ్యి తాగితే కాన్పు సులువవుతుందట. నాకు మాత్రం తిన్న కాసేపటికే కుడివైపు పక్కటెముకల కింద పట్టేసేది. అక్కడి నుంచి వీపులోకి, భుజం దాకా పాకేది. ఊపిరి గట్టిగా తీసుకోవాలన్నా భయమే. బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఆ చప్పుడు చాటున మూలిగేదాన్ని. అత్తగారు గ్యాస్ అని వాము నీళ్ళిచ్చింది. మా ఆయన ముస్తాక్ "మొదటి కాన్పు కదా, అలాగే ఉంటుంది" అన్నాడు. ఆయనకిది ఎన్నో కాన్పో మరి.

నేను వన్‌టౌన్‌లో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చూస్తాను. ఇల్లు దగ్గరే కాబట్టి మధ్యాహ్నం తిండికి వచ్చి వెళ్తుంటాను. ఒకరోజు అలా తినొచ్చి, కౌంటర్ దగ్గరే వాంతి చేసుకుని కూలబడ్డాను. సెలవు కావాలంటే అడగొచ్చు కదమ్మా అన్నాడు ఓనరు. ముస్తాక్ వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

స్కానింగ్‌లో పిత్తాశయం నిండా రాళ్ళు కనిపించాయి. బిడ్డ బాగానే ఉందని డాక్టరమ్మ అనగానే ముస్తాక్ ముఖం తేటపడింది, నా నొప్పి కూడా అప్పుడే తగ్గిపోయినట్టు. నెయ్యి, నూనె మానేయమంది ఆమె. నొప్పి ఇలా తిరగబెడుతుంటే ఆపరేషన్‌కి ఈ ఐదో నెలే అనువైన సమయమని, ఆలస్యమైతే రాయి జారి కామెర్లు రావచ్చని విడమరిచి చెప్పింది. ఆలోచించుకోమంది.

"కాన్పయ్యే దాకా ఓర్చుకోలేవా సనోబర్, బిడ్డ కోసం?" అన్నాడు ముస్తాక్ దారిలో. బిడ్డ కోసం తిను, బిడ్డ కోసం పడుకో, బిడ్డ కోసం ఏడవకు. ఆ బిడ్డ ఉన్న చోటు పేరు సనోబర్ అని అందరూ మర్చిపోయారు.

డాక్టరమ్మ నెయ్యి వద్దన్న మాట అత్తగారికి ఇంకా ఎవరం చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆమె మళ్ళీ నెయ్యి పోసింది. నీరసపడ్డానని ఇంకాస్త ఎక్కువే పోసింది. నేను కంచం జరిపాను. నొప్పి తెప్పించేది ఈ నెయ్యేనని, ఆమె మాత్ర వేసుకోవాలనే ఇన్నాళ్ళూ మింగుతున్నానని చెప్పేశాను. ఆమె చేతిలోని నేతి గిన్నె కింద పెట్టింది.

"ముస్తాక్ కడుపులో ఉన్నప్పుడు మా అత్త కూడా నా ఎదురుగా ఇలాగే కూర్చునేదమ్మా" అంది. "నాకు వాంతొచ్చేది. చెబితే ఆవిడ పస్తుంటుందని మింగేసేదాన్ని. ఇప్పుడు ఆవిడ చోట్లో నేనే కూర్చున్నా చూడు."

ఆ కంచం తనవైపు లాక్కుని, నెయ్యి అంటని పక్క నుంచి ముద్ద కలిపి, నాకంటే ముందు తాను తిని మాత్ర వేసుకుంది. తర్వాత లేచి నాకు జావ కాచింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె కొంగుతో తుడుస్తూ నా జుట్టు సవరించింది. ఆమె మీద ఇంత ప్రేమ ఉందని నాకే తెలియదు.

డాక్టరమ్మకు ఫోన్ చేసి, ఆపరేషన్‌కి వస్తానని చెప్పాను.

సాయంత్రం ముస్తాక్‌కి చెబితే కంగారుపడ్డాడు. ఆయన చెడ్డవాడు కాదు. నా చేయి పట్టుకుని "ఇంత తొందరేంటి? బిడ్డకేమన్నా అవుతుందనా నీ భయం?" అని అడిగాడు. వంటింటి గుమ్మంలో అత్తగారు నిలబడిపోయింది. అవునంటే చాలు, ఆ నిమిషమే ఒప్పుకుంటాడు. లోపల బిడ్డ మెల్లగా కదిలింది. దాని మీద చేయి వేసుకున్నాను.

"కాదండీ. నాకు నొప్పిగా ఉంది" అన్నాను.