లేవి గుర్రానికి లైసెన్సు పరీక్ష

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, లేవి, కూలికి పోతే తప్ప కడుపు నిండని ఆత్మకూరు దగ్గరి చెలకను తమ్ముడి చేతిలో పెట్టి, భార్య జ్ఞానమణితో పట్నం వచ్చి జట్కా తోలడం మొదలుపెట్టాడు. ఆఫీసులకు గదులు చాలక డేరాలు వేసిన రోజులవి. రైలు దిగిన ప్రతి గుమాస్తాకూ జట్కా కావాలి. పని మానుకున్న చిన్న ఈరన్న అనే ముసలి జట్కావాడు తన గుర్రం సుల్తానును లేవికి అమ్మాడు. పళ్లు చూపించాడు, కాళ్లు చూపించాడు, ఒక్క గుణం మాత్రం కడుపులో దాచుకున్నాడు.

ఖాకీ కనబడితే సుల్తాను ఆగిపోతుంది.

ఈరన్న పోలీసు చెయ్యెత్తక ముందే బండి ఆపి, "రాండి సామీ" అని ఊరికే ఎక్కించుకునేవాడు. పదేళ్లు అదే చూసిన గుర్రానికి అదే చదువు వంటబట్టింది. పోలీసు ఎక్కి కూర్చుంటేగానీ కదలదు. లేవి కొరడా ఝళిపించాడు, బెల్లం పెట్టాడు. కళ్లకు గంతలు కడితే బూట్ల చప్పుడుకు ఆగింది. రాజధాని పుణ్యమా అని అడుగుకొక పోలీసాయె. లేవి బండిలో బాడుగ ఇచ్చేవాళ్ల కంటే ఇవ్వనివాళ్లే ఎక్కువయ్యారు.

"మర్యాద తెలిసిన జీవమప్పా ఇది!" అని హెడ్డు కానిస్టేబులు దేవేంద్రప్ప దాని మెడ నిమిరేవాడు.

ఎక్కిన పోలీసులందరూ పోయే చోటు ఒక్కటే. మద్యనిషేధం ఎట్లా అమలవుతున్నదో చూడటానికి హంద్రీ ఒడ్డున గిడ్డమ్మ ఇంటికి పోయేవాళ్లు. చూసి, రుచి కూడా చూసి, మూతి తుడుచుకుంటూ వచ్చేవాళ్లు. అందాకా సుల్తాను గడప ముందు కదలకుండా కాచుకుని ఉండేది.

ఇంతలో జట్కాల లైసెన్సు పరీక్ష వచ్చిపడింది. పోలీసు మైదానంలో, సబ్ ఇన్‌స్పెక్టరు ఎదుట, గుర్రం ఒక చుట్టు తిరగాలి. తిరగకపోతే లైసెన్సు రద్దు.

"చుట్టూ పోలీసులే కదయ్యా! అది యాడ తిరుగుతాది?" అంది జ్ఞానమణి. "లైసెన్సు పోతే మళ్లా ఒకరి చేన్లో కూలికి వంగాల్సిందే మనం."

లేవి కంచం పక్కకు నెట్టాడు. కూలి బతుకు ఎట్లాంటిదో ఆయన వీపుకు బాగా తెలుసు.

సబ్ ఇన్‌స్పెక్టరు వెంకటేశ్వర్లు గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. సారా అన్న మాట వింటే ఆయన మీసం లేచి నిలబడేది. వచ్చిన వారంలోనే ఆరు బట్టీలు పగలగొట్టించాడు. ఏవి పగలగొట్టాలో చూపించింది దేవేంద్రప్పే గనక గిడ్డమ్మ బట్టీ చెక్కుచెదరలేదు.

మైదానంలో సుల్తాను నాలుగడుగులు వేసి మొదటి కానిస్టేబులు ముందు నిలబడిపోయింది. లేవి "హై హై" అన్నాడు. బతిమాలాడు. గుర్రం చెవి కూడా కదపలేదు.

"ఏవిటయ్యా ఇది? మొండి గుర్రాన్ని తెచ్చి నా టైము పాడుచేస్తావా? రద్దు!" అని ఇన్‌స్పెక్టరు కలం తీశాడు.

లేవి చేతులు జోడించాడు. "మొండిది కాదు దొరా! పోలీసోళ్లంటే దీనికి శానా గౌరవం. ఎవురన్నా ఎక్కితే గాలి మాదిరి పోతాది. మీరే ఒక్క తూరి ఎక్కి చూడండి!" అనేశాడు.

ఆ మాటకు దేవేంద్రప్ప మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "వద్దు దొరా, ఎండ ఎక్కువగా ఉండాది, బండిలో నల్లులు ఉంటాయి..." అంటూ అడ్డం వచ్చాడు. ఆ మొహం చూశాకే తాను ఏమన్నాడో లేవికి అర్థమయింది. అప్పటికే ఇన్‌స్పెక్టరు ఎక్కి కూర్చున్నాడు.

సుల్తాను మైదానం గేటు దాటింది. బజారు దాటింది.

"ఎక్కడికయ్యా? ఆపు, ఆపు!"

"నేను ఆపితే ఆగదు దొరా," అన్నాడు లేవి ఏడుపు గొంతుతో. ఆ మాట నిజమే.

హంద్రీ ఒడ్డున తడిక ఇంటి ముందు గుర్రం ఆగింది. గిడ్డమ్మ గ్లాసుతో బయటికి వచ్చింది. ఆమె ఖాకీ బట్టలే చూసింది, మొహం చూడలేదు. "ఏం సామీ, పొద్దున్నే వచ్చినారు? దేవేంద్రప్ప సామి రాలేదా?"

తలెత్తి ఆ మీసాన్ని చూడగానే గ్లాసు సగం ఒలికింది. ఇన్‌స్పెక్టరు మొహం కందగడ్డయింది. కొళాయి దగ్గరి ఆడవాళ్లు బిందెలు దించి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలాయన వంగి సలాం కూడా చేశాడు.

"బండి తిప్పు, వెంటనే!"

లేవి పగ్గాలు లాగాడు. సుల్తాను కదల్లేదు.

"లోపలికి పోయి వచ్చినోళ్లనే తీసకపోతాది దొరా. దీనికి అదే అలవాటు."

"నేను నడిచిపోతాను."

"పోండి దొరా. కాకపోతే బజారంతా చూస్తాది, ఈడ నుంచి పోతాండారని."

ఇన్‌స్పెక్టరు వీధి ఆ కొస చూశాడు, ఈ కొస చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, తల వంచి తడిక లోపలికి దూరాడు. లేవి కళ్లు మూసుకుని తనకు తెలిసిన ప్రార్థనలన్నీ వరుసగా చెప్పుకున్నాడు. అన్నీ అయిపోయి రెండోసారి మొదలుపెట్టాక ఆయన బయటికి వచ్చాడు. సుల్తాను మెడ తిప్పి ఆయన మీసం దగ్గర వాసన చూసింది. చూసి, ఎవరూ అదిలించకుండానే కదిలింది.

సుల్తాను మైదానానికి తిరిగి వచ్చి ఆగింది. దిగే ముందు ఇన్‌స్పెక్టరు లైసెన్సు మీద సంతకం గీకి, "గుర్రం బాగానే నడుస్తోంది," అన్నాడు గంభీరంగా. లేవి ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. ఇన్‌స్పెక్టరు అక్కడే నిలబడి, పోలీసులెవరూ ఇకమీదట ఆ జట్కా ఎక్కకూడదని హుకుం జారీ చేశాడు. దేవేంద్రప్ప అందరికంటే గట్టిగా సలాం కొట్టాడు.

ఆ మరునాటి నుంచి సుల్తాను కనబడితే చాలు, పోలీసులే గోడల చాటుకు తప్పుకునేవాళ్లు. లేవి బండి రైలు స్టేషన్ నుంచి కోట బురుజు దాకా ఒక్క పరుగున పోయేది.

శనివారం సాయంత్రం మాత్రం బజారు మూలన సుల్తాను ఠక్కున ఆగింది. ఇన్‌స్పెక్టరు వెంకటేశ్వర్లు అటూ ఇటూ చూసి ఎక్కి కూర్చున్నాడు. యాడికి దొరా అని లేవి అడగలేదు, ఆయనా చెప్పలేదు.