వాన వద్దన్న దిబ్బ

మా ఆయన ప్రేమయ్య వాన వద్దని దేవుణ్ణి వేడుకున్నాడంటే ఎవరూ నమ్మరు. కోయిలకుంట్ల పక్కన, నీటిచుక్క కోసం మొహం వాచిపోయిన మా ఊళ్లో వాన వద్దనేవాడు ఉంటాడా? ఉన్నాడు. అటువంటి మనిషితోనే నేను కాపురం చేస్తున్నాను.

సంగతంతా మా చెరువు నడుమ ఉన్న దిబ్బది. ఒకప్పుడు దాని మీద నల్లతుమ్మలు గుబురుగా ఉండేవి. చెరువు నిండితే మొదళ్లు నీళ్లలో, కొమ్మలు పైన. కొమ్మల నిండా కొంగల గూళ్లు. వాటి రెట్ట కలిసిన నీళ్లు పారితే కింద మా మడిచెక్కకు వేరే ఎరువు అక్కర్లేకపోయేది. యుద్ధం వచ్చాక పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచాయి. ఎవరో కంట్రాక్టరు వచ్చి, ఒక్క ఎండాకాలంలో తుమ్మలన్నీ నరికించి, చెరువులోనే బట్టీ పెట్టి బొగ్గు చేసుకుని పోయాడు. మరుసటేడు కొంగలు వచ్చాయి. చెరువు చుట్టూ తిరిగి తిరిగి వెళ్లిపోయాయి. మా మడిలో తాలు ఎక్కువైంది. పట్టుకునే వేళ్లు లేక దిబ్బ ఏటా కొంచెం కొంచెం కరిగి చెరువులో పూడిక కాసాగింది.

"దిబ్బ పోతే ఇంగ చెట్టు పెట్టేదానికి చోటే ఉండదే, వరమ్మా," అన్నాడాయన. అని ఊరుకున్నాడా? చెరువు ఎండాక దిబ్బ మీద తుమ్మ గింజలు నాటాడు. మేకలు రాకుండా చుట్టూ ముళ్లకంప వేశాడు. చెరువు అడుగున చెలమ తవ్వాడు. ఆ చెలమ నుంచి కడవలు మోసేది మాత్రం నేను. నా భుజం కాయలు కాసింది.

"తుమ్మచెట్టుకు నీళ్లు పోసే ఆడమనిషిని నిన్నే చూసినా వదినా," అని పక్కింటి ఏసుమణి నవ్వేది. నవ్వదా మరి!

మొలకలకు ఒకటే గండం. నిండు చెరువులో దిబ్బ మీద నడుములోతు నీళ్లు నిలుస్తాయి. ఆలోగా అవి అంత ఎత్తు ఎదగాలి. తల మునిగితే కుళ్లిపోతాయి. తల బయట ఉంటే చాలు, మొదలు ఎన్నాళ్లు నీళ్లలో ఉన్నా తుమ్మకు లెక్కలేదు.

ఆ ఏడు రోహిణి కార్తెలోనే చర్చిలో వాన ప్రార్థన పెట్టారు. అయ్యగారు కన్నీళ్లతో అడిగారు. నేనైతే గొంతు చించుకుని ఆమేన్ అన్నాను. వాన వస్తే నాకు కడవల మోత తప్పుతుంది. మగవాళ్ల వైపు చూస్తే ఆయన పెదవి కదపలేదు.

దారిలో నిలదీశాను. "ఏమయ్యా, ఊరంతా ఏడుస్తాంటే నువ్వు మూగోని మాదిరి కూచుంటివే?"

"మొలకలు ఇప్పుడే మోకాలు దాటినాయి. వాన ఇంగ మూడు కార్తెలు ఆగితే బతుకుతాయి. అదే అడిగినా దేవుణ్ణి."

దేవుడు ఆయన మాట కన్నా నా మాటే విన్నాడు. మృగశిరలోనే కుంభవృష్టి. ఇద్దరం కట్ట మీద నిలబడి చూశాం. లేత ఆకులు కాసేపు నీటి మీద ఆడి మునిగిపోయాయి. ఊరంతా కేరింతలు. ఆయన కట్ట మీదే కూలబడ్డాడు. ఆయన్ని చూశాక నా సంతోషం కాస్తా చచ్చిపోయింది.

నీళ్లు తీసేసరికి దిబ్బ ఇంకా చిన్నదైంది. ఈసారి ఎండలు ముదరకముందే నాటాడు. తర్వాత జ్వరం పట్టుకుని మంచాన పడ్డాడు. కంపా, చెలమా, కడవలూ అన్నీ నా నెత్తిన పడ్డాయి. తిట్టుకుంటూ మోశాను. ఆయన్ని తిట్టాను, కంట్రాక్టరును తిట్టాను, పోయిన కొంగల్నీ తిట్టాను. కళ్లు బైర్లు కమ్మితే మొలకల పక్కనే కూర్చుని ఏడ్చాను. అవి మాత్రం నా నడుముకు జానెడు తక్కువ దాకా వచ్చాయి.

మళ్లీ వాన ప్రార్థన. ఒక్కదాన్నే వెళ్లాను. మా మడి బీటలు వారి ఉంది. ఇంట్లో గింజలు అడుగంటాయి. అయ్యగారు ముగించగానే చర్చి అంతా ఆమేన్ అంది. నాకు ఆ జానెడే కళ్ల ముందు మెదిలింది. నోరు రాలేదు.

ఏసుమణి మోచేత్తో పొడిచింది. "ఏమొదినా, నోరు పడిపోయిందా?"

"గొంతు ఎండింది," అన్నాను.

ఇంటికొచ్చి గంజి తాపుతుంటే ఆయన అడిగాడు. "గట్టిగా అడిగినావా వానను?"

"ల్యా. ఆమేన్ అనలేదు."

గంజి ముంత పక్కకు నెట్టాడు. "పాపం గదే," అన్నాడు.

"అయితే కానీ. తెల్లారే కడవ ఎత్తల్ల. గంజి తాగి పండుకో."