అవ్

పది గంటలకు డాక్టరు గారు వార్డులోకి వచ్చేలోపు కావలసిన పనులు ఇవి. పద్దెనిమిది మంచాలకూ జ్వరం చూసి రాయాలి. నలుగురికి ఎక్కుతున్న క్వినైన్ సీసాల చుక్కలు లెక్కబెట్టాలి. ఎనిమిదో మంచం ముసలాయనను పక్కకు తిప్పి వీపు పుండు పడిందేమో చూడాలి. ఖమ్మం నుంచి మంచుపెట్టెలో వచ్చిన రక్తం సంచిని ఆరో మంచానికి ఎక్కించాలి. ఇన్నింటికీ ఉన్న నర్సు మధులత ఒక్కతే. రెండో నర్సు మానేసి నెలన్నరయింది. ఆస్పత్రి ఓనరు కూడా అయిన డాక్టరు గారు ఇంకొకరిని పెట్టలేదు.

మధులత బొగ్గుబాయి కార్మికుడి కూతురు. వాళ్ల ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి. జీతం రెండువేల రెండు వందలు.

వానలు పట్టినప్పటి నుంచి అడవి ఊళ్ల జ్వరమంతా జీపుల్లో వచ్చి ఇక్కడే దిగుతోంది. ముందురోజు రాత్రి ఆరో మంచం మీద కప్పు కారింది. దాని మీద ఉన్న లంబాడీ మనిషి మంగ్లిని ఆయా ముత్తక్క కిటికీ పక్క పన్నెండో మంచానికి మార్చింది. తెల్లవారి వాన తెరిపిచ్చాక ఆరో మంచం తుడిచి, అప్పుడే వచ్చిన సారక్కను పడుకోబెట్టింది. మనుషులు మారారు గానీ మంచానికి వేలాడే అట్ట మారలేదు. దాని మీద ‘మంగ్లి, రక్తం’ అనే ఉంది. ఇదంతా మధులతకు తర్వాత తెలిసింది.

సారక్కది కోయగూడెం. తెలుగు అంతగా రాదు. వచ్చిన ఒక్క మాటతోనే ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చింది. బీడీలు చుట్టే తునికాకు డెబ్బై కట్టలు తెచ్చిన రోజు గుమస్తా “అరవయ్యే గదా?” అంటే, అవ్. ఫారెస్టు గార్డు “మళ్ల ఇటు రావు గదా?” అంటే, అవ్. ప్యాంటు వేసుకున్న మనిషి ఏది అడిగినా ఆ మాట అంటే జల్దీ వదిలేస్తాడని ఆమెకు తెలుసు.

కాంపౌండరు సతీష్ సంచి పట్టుకుని వచ్చాడు.

“సతీష్ సారూ, కల్లుముంత లెక్క ఊపుకుంట వస్తున్నవు. జర పైలం,” అంది ముత్తక్క.

“నువ్వు నేల తుడువు ముత్తక్కా, నాకు పని నేర్పకు. సిస్టర్, ఆరో నంబరుకు రక్తం పెట్టాల్నా?”

చుక్కలు లెక్కబెడుతున్న మధులత తల తిప్పలేదు. “అవ్, పెట్టు.”

సతీష్ అట్ట చదివి, మంచం మీదికి వంగి అడిగాడు. “మంగ్లివే గదా?”

సారక్క అతని ప్యాంటు చూసింది, చేతిలో సూది చూసింది. “అవ్,” అంది.

పావుగంట గడిచింది. ఆరో మంచం కాళ్లు నేల మీద టకటకా కొట్టుకున్నాయి.

“సిస్టరమ్మా, గీమెకు చలిజ్వరమొచ్చినట్టున్నది!” అంది ముత్తక్క.

మలేరియా వార్డులో వణుకు కొత్త కాదు. సతీష్ అటు చూడను కూడా చూడలేదు. కానీ సారక్క రెండు చేతులతో నడుము పట్టుకుని కోయమాటలో ఏదో మొత్తుకుంటోంది. మధులత ఆ చేతుల వైపు చూసింది. మంగ్లి చేతులకు మోచేతుల దాకా తెల్లగాజులుండాలి. ఈ చేతులకు ఒక్క గాజూ లేదు.

మధులత వెంటనే రక్తం ఆపేసింది. గొట్టంతో సహా తీసేసి, కొత్త గొట్టానికి ఉప్పునీళ్ల సీసా తగిలించింది. నర్సింగు బళ్లో టీచరమ్మ రోజూ చెప్పిన మాట ఇప్పుడు గుర్తొచ్చింది. పేరు నువ్వు చెప్పకు, రోగితోనే చెప్పించు.

“నీ పేరేంది అక్కా?”

దీనికి అవ్ అంటే సరిపోదు. ఇన్నేళ్లలో ఎవరూ అడగనిది అడిగినట్టు ఆమె ఒక క్షణం చూసింది.

“సారక్క.”

పన్నెండో మంచం దగ్గర నుంచి మంగ్లి తండ్రి హాతీరాం పిలిచాడు. “అమ్మా, మా బిడ్డకు రక్తం ఎప్పుడు పెడ్తరు?”

మధులత సారక్క కింద మూత్రం పాత్ర పెట్టింది.

పదింటికి డాక్టరు గారు వచ్చేసరికి సారక్క మూత్రం ఎర్రగా దిగుతోంది. ఆయన పావువంతు ఖాళీ అయిన సంచి చూశారు, అట్ట చూశారు. అన్నీ అర్థమయ్యాయి.

“మలేరియాలో చలి ఉంటుంది, మూత్రం ఎర్రబడటమూ ఉంటుంది. అంతే కదా సిస్టర్? అలాగే రాయండి. ముత్తక్కా, ఆ సంచి గోతిలో పడెయ్.” తర్వాత గొంతు తగ్గించారు. “పెట్టమన్నది మీరేనట, సతీష్ చెప్పాడు. జాగ్రత్త.”

మధులత నాలుక చివరికి ఒక మాట వచ్చింది. ఆ మాట అంటే తననూ జల్దీ వదిలేస్తారు. సారక్కకు తెలిసిందే, తనకూ తెలుసు.

“కాదు సార్,” అంది.

ముత్తక్క సంచిని కొంగుకింద పెట్టుకుంది. మధులత కాగితం మీద రాసింది: ఆరో మంచం, సారక్క. మంగ్లి రక్తం ఎక్కింది. పెట్టమన్నది నేనే. బయట అరుగు మీద కూర్చున్న సారక్క భర్త దూలయ్య చేతిలో కాగితం పెట్టింది.

“అన్నా, తప్పు మాది. వేరేవాళ్ల రక్తం ఎక్కించినం. ఖమ్మం పెద్ద దవాఖానాకు తీస్కపోవాలె. ఈ కాయిదం, ముత్తక్క దగ్గరున్న సంచి అక్కడి డాక్టరుకే ఇయ్యి. నడుమ ఎవరడిగినా ఇయ్యకు.”

“బతుకుతదా?”

“తెల్వదన్నా.”

ముత్తక్క సారక్కకు ఎక్కుతున్న సీసా పైకెత్తి పట్టుకుని ఆమెతోపాటు జీపెక్కింది. మళ్లీ వాన మొదలైంది. మధులత తిరిగి వచ్చేసరికి డాక్టరు గారు కొత్త కాగితం తీసి, ఆరో మంచం అని రాసి, దాని పక్కన మంగ్లి అని రాస్తున్నారు. ఆ కాగితాల్లో ఇంకొక ఆడమనిషి ఈ ఆస్పత్రికి వచ్చినట్టే ఉండదు.

చదివిన మీరైనా గుర్తుంచుకోండి. ఆమె మంగ్లి కాదు. పేరు అడిగినప్పుడు చెప్పింది. సారక్క.