రాగిపోగుల తివాచీ

ఏలూరులో తివాచీలు నేసే రసూల్ ముప్పై ఏళ్లలో ఎన్ని నేశాడో ఆయనకే తెలియదు. ఈ ఒక్కటి మాత్రం కూతురు షిఫా కోసం నేశాడు. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివే పిల్ల, ఉన్నితో పాటు రాగిపోగులూ వేయించింది. తివాచీ రెండు చివర్లా రాగితో చెరొక అరచెయ్యి. ఇద్దరు మనుషులు చెరో దాని మీదా చెయ్యి ఆనించి, రెండో చేతులు కలుపుకుంటే, వాళ్ల ఒంట్లోంచి పిసరంత కరెంటు పారి నడుమనున్న దీపాలు వెలుగుతాయి. దానికి ‘బంధం’ అని పేరు పెట్టింది.

రసూల్‌కి ఆ పేరుతో పనిలేదు. ఆయన ఆశంతా భార్య మరియంబీ మీదే. కొడుకు ఆరిఫ్ జ్వరంతో మూలుగుతుంటే, ఆర్డరు ముగిస్తేగానీ మగ్గం దిగలేదు ఆ మహానుభావుడు. ఆస్పత్రికి చేర్చేసరికే ఆలస్యమైపోయింది. పిల్లాడు పోయిన నలభయ్యో రోజు కాగానే ఆమె కైకలూరులో తమ్ముడింటికి వెళ్లిపోయింది. రెండేళ్లయింది. “మీ అబ్బాకీ నాకూ ఆ దీపం వెలిగితే ఇంటికొచ్చేస్తాలే,” అని మొన్న ఫోన్లో కూతురితో అందట. నవ్వులాటకందో, నిజంగానే అందో! ఈయన మాత్రం ఆ మాట పట్టుకుని వేలాడాడు. మొదటిసారి ఆమెతోనే అనుకుని, తను నేసిన తివాచీ మీద ఒక్కసారైనా చెయ్యి ఆనించి చూసుకోలేదు.

ప్రదర్శన రోజు కాలేజీ హాల్లో ఎవరెవరో చేతులు కలిపారు. ప్రిన్సిపాల్‌గారికీ క్యాంటీన్ ఏసుకుమార్‌కీ కూడా వెలిగింది. మరియంబీ వచ్చింది. చెయ్యిచ్చింది. రెండేళ్ల తర్వాత ఆ చెయ్యి! రసూల్ రెండో చెయ్యి రాగి మీద ఆనించాడు.

దీపం వెలగలేదు.

ముప్పై ఏళ్లుగా ముడులు వేసీ వేసీ అరచేతులు కాయలు కాసి చెక్కబారిపోయాయి. వాటిలోంచి కరెంటేం పారుతుంది, పాపం! షిఫా నీళ్ల సీసాతో పరుగెత్తుకొచ్చింది.

“అమ్మీ, ఆగు! అబ్బా చేతులు ఎండిపోయాయంతే. తడిపితే వెలుగుతుంది!”

“తడిపితే ఎవరికైనా వెలుగుతుందమ్మా,” అంటూ మరియంబీ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఒక్కసారి, మరియం. ఇంకొక్కసారి,” అన్నాడు రసూల్.

“వాడు పిలిచినప్పుడు కూడా ఈ చేతులు ముడులే వేస్తున్నాయండీ,” అందామె. “బస్సుకి టైమైంది, వెళ్తాను.”

షిఫా ఏడుస్తూ తల్లి వెనకాలే వెళ్లింది. ఆ పిల్ల వదిలేసిన సీసాలో నీళ్లు రసూల్ రెండు చేతులకీ రాసుకున్నాడు. చిన్న తివాచీయే, బార చాపితే రెండు చివర్లూ ఆయనొక్కడికే అందాయి.

దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు.