పుంటికూర మడి, నడిమి సాలు

సౌదీలో హుఫూఫ్ ఊరి బయట, ఖర్జూర తోట ప్రహరీకీ కార్మికుల క్యాంపుకీ మధ్య కొంత ఖాళీ నేల ఉండేది. దాన్నెవరూ నేలగా లెక్కపెట్టేవారు కాదు. విరిగిన సిమెంటు దిమ్మెలు, తెగిన చెప్పులు, గాలికి కొట్టుకొచ్చిన సంచులు అక్కడికి చేరి స్థిరపడిపోయాయి. పిల్లులు సైతం దాన్ని దాటిపోయేవే గాని, అక్కడ కూర్చునేవి కావు. అలాంటి నేల కోసం ఇద్దరు పెద్దమనుషులు ఒక ఎండాకాలమంతా మొహాలు చూసుకోలేదంటే నమ్మడం కష్టమే. కానీ జరిగింది అదే.

ఆ ఇద్దరిలో ఒకడు ఎల్లన్న. మెట్‌పల్లి దగ్గరి పల్లెవాడు, తాపీ మేస్త్రీ. గోడ కట్టేటప్పుడు ఎంత ఓపికో, పళ్ళెం ముందు కూర్చుంటే అంత చిరాకు. మెస్సులో ఒక పూట పప్పు, ఒక పూట కోడి, మళ్ళీ పప్పు. ఒకరోజు ఫోనులో భార్య ముత్యవ్వ మాటల మధ్యలో "ఇయ్యాల పుంటికూర జేసిన" అన్నది. పుంటికూర అంటే గోంగూరే, ఎల్లన్నకు ప్రాణం. అంతే, ఆమెమీద విరుచుకుపడ్డాడు.

"నన్నెందుకు కసురుతవయ్యా? నేనేమన్న నీ పళ్లెంలకెళ్లి గుంజుకున్ననా?" అన్నది ముత్యవ్వ. "గంత పానం గుంజుతుంటె నువ్వే పెట్టుకో. ఇత్తులు పంపుత. ఆడ మన్ను లేదా ఏంది?"

"ఉన్నది గని, ఉప్పు మన్ను."

"మంచిదాయె. ఉప్పెయ్యకుంట వండుకో" అని ఆమె ఫోను పెట్టేసింది.

అన్నట్టుగానే విత్తనాలు పంపింది. ఎల్లన్న గదిలోనే ఉండే కుమార్ సెలవు ముగించుకొని వస్తుంటే అతని చేతికి ఒక పొట్లం కట్టి ఇచ్చింది. ఎల్లన్న వరుసగా శుక్రవారాలన్నీ ఆ పాడు నేలమీద ఖర్చుపెట్టాడు. దిమ్మెలు ఏరి గట్టు పేర్చాడు. ఖర్జూర మట్టల చెత్త, మెస్సు నుంచి టీ పిప్పి, గుడ్డు పెంకులు మోసుకొచ్చి మట్టిలో కలిపాడు. క్యాబిన్ల వెనక ఏసీల నుంచి ఊరికే కారిపోయే నీళ్ళకు పైపులు అతికించి డ్రమ్ములోకి మళ్ళించాడు. ఎండ ముదిరాక, సైటులో పారేసిన పచ్చ వలను పందిరిలా కట్టాడు. క్యాంపువాళ్ళు అటుగా పోతూ నవ్వేవారు. మొలకలు కనబడగానే నవ్వడం మానేసి, ఎప్పుడు కోస్తావని అడగడం మొదలుపెట్టారు.

మొదటి కోతతో క్యాంపు గతి మారిపోయింది. వారం వారం అందరికీ క్షవరాలు చేసే కుమార్ ఒక కట్టకు ఎల్లన్న జుట్టు కత్తిరించి, ఇంకో కట్ట ఆశకు మీసం కూడా దిద్దాడు. మలయాళీ వంటవాడు కొబ్బరినూనె ఇచ్చి ఆకు పట్టుకుపోయాడు. బస్సు డ్రైవరు ఎల్లన్నకు కిటికీ పక్క సీటు శాశ్వతంగా రాసిచ్చాడు. ఎల్లన్న వేసుకునే చొక్కాకు గుండీలు ఊడితే కుట్టడానికి ఇద్దరు పోటీపడ్డారు. మనిషి నడకే మారింది. సాయంత్రంపూట చేతులు వెనక్కి కట్టుకొని మడి చుట్టూ తిరుగుతుంటే, ఊళ్ళో ఎకరాలకెకరాలు ఉన్న ఆసామిలా ఉండేవాడు.

ఇది రెండోవాడి కంట్లో పడింది. అతని పేరు అబ్దుల్ ఘనీ. రాయచోటివాడు. క్యాంపు గేటు పక్కన బకాలా నడిపేవాడు. అంటే చిన్న కిరాణా కొట్టు. సబ్బు మొదలు సిమ్ము దాకా అందరూ అతని దగ్గరికే రావాలి. అరబ్బీ నీళ్ళు తాగినట్టు మాట్లాడేవాడు. అలాంటివాణ్ణి కాదని, తన కొట్టు వెనకాలే ఆకుతో బేరాలు సాగిపోవడం అతనికి మింగుడుపడలేదు. ఒక సాయంత్రం వెనక తలుపు తీసుకొని మడి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఎల్లన్నా, ఈ గోగాకు ఎవురి నేలలో పెట్టినావప్పా?"

"గోగాకు కాదు, పుంటికూర. నేల ఎవ్వనిదీ గాదు. నేను సాఫ్ జేసుకున్న."

"ఎవురిదీ కాకుండా ఎట్లుంటాది? నా అంగడి తలుపు తీస్తే మొదుట కాలు పడేది దీనిమిందనే. నా అట్టపెట్టెలు ఏండ్ల తరబడి ఈడనే ఉండాయి."

"అవునా! మరి మొలకెత్తినయా?"

ఘనీ వెనక తలుపు వేసుకొని లోపలికి పోయాడు. మర్నాడు చెడిపోయిన పెద్ద ఫ్రీజరు ఒకదాన్ని ఈడ్చుకొచ్చి, మడికి ఆనించి హద్దురాయిలా నిలబెట్టాడు. అవతల పుదీనా నాటాడు, కొత్తిమీర చల్లాడు.

ఆ ఫ్రీజరును చూసి క్యాంపంతా ఉలిక్కిపడింది. నేల అయిపోతున్నదని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు మరి. ఆ శుక్రవారం తెల్లవారేసరికి జనం తట్టలతో, కర్రలతో ఎగబడ్డారు. సైటులో గోతుల చుట్టూ కట్టే ఎరుపు తెలుపు పట్టీలన్నీ ఇక్కడికి వచ్చేశాయి. బెంగాలీలు సొరపాదు పెట్టారు, పెషావరు వాళ్ళు ముల్లంగి వేశారు. కుమార్ దగ్గర ఒక్క విత్తు కూడా లేదు. అయినా ఒక మూల చుట్టూ పట్టీ కట్టి, మధ్యలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

"ఏం పెడ్తవురా?" అని ఎల్లన్న అడిగాడు.

"ఏం పెట్టను కాకా. ధర పెరిగినంక అమ్ముత."

మిగతావాళ్ళ హద్దులు ఎలాగో కుదిరాయి గాని ఎల్లన్నకూ ఘనీకీ మాత్రం కుదరలేదు. ఫ్రీజరు ఒక అడుగు లోపలికి వచ్చిందని ఎల్లన్న, దిమ్మెల గట్టు ఒక అడుగు బయటికి వచ్చిందని ఘనీ. ఆ తేడాలో పుంటికూర సాలు ఒకటి చిక్కుకుంది. ఇద్దరూ దానికి నీళ్ళు పోసేవారు, ఇద్దరూ దాన్ని కోయనిచ్చేవారు కాదు. అందుచేత ఆ నడిమి సాలు మిగిలిన మడికన్నా ఏపుగా, భుజాల ఎత్తు పెరిగింది. ఉల్లిగడ్డ కావాలన్నా ఎల్లన్న ఘనీ కొట్టుకు పోవడం మానేసి, మండుటెండలో రోడ్డు దాటి పెట్రోలు బంకు దాకా నడిచేవాడు. ఘనీ తన వంతుగా, పుంటికూర మడి అటువైపు ఉంటే ఇటు మొహం తిప్పుకొని పుదీనాకు నీళ్ళు పోసేవాడు.

"ఓ కట్ట ఇచ్చి నోరు మూపియ్యరాదయ్యా" అన్నది ముత్యవ్వ ఫోనులో.

"అడిగితె ఇస్త. నాదని అన్నంక ఎట్లిస్త?"

"నీ లెక్కనే ఉన్నడన్నట్టు ఆయన గూడ" అన్నది ఆమె. ఎల్లన్నకు ఆ మాట అసలు నచ్చలేదు.

ఇలా ఉండగా క్యాంపుకు కొత్త బాసు వచ్చాడు. నేగీ అని, హిమాలయాల వైపు మనిషి. క్యాంపు చుట్టి చూద్దామని బయలుదేరి వెనక వైపు వచ్చి, భుజాల ఎత్తు పెరిగిన నడిమి సాలు ముందు కొయ్యబారిపోయాడు. చేతివేళ్ళలా చీలిన ఆకులు, అంచున రంపపు పళ్ళు. అతని ఊరి కొండల్లో బాటల పక్కన అలాంటి మొక్కే పిచ్చిగా పెరుగుతుంది. దాని ఆకును నలిపి ఏం చేస్తారో అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు.

"గాంజా!" అని కేక పెట్టాడు.

ఆ దేశంలో ఆ మాట వినబడితే చాలు, ఒళ్ళు చల్లబడిపోతుంది. చుట్టూ మళ్ళలో ఉన్నవాళ్ళంతా క్షణంలో మాయమయ్యారు. పోతూ పోతూ హద్దు పట్టీలు కూడా చుట్టుకుపోయారు. కుమార్ కుర్చీతో సహా పరుగెత్తాడు. చేతిలో నీళ్ళ మగ్గుతో ఎల్లన్న ఒక్కడే మిగిలాడు.

"ఎవరిది ఇది?" అని హిందీలో గద్దించాడు నేగీ, ఫోనుతో ఫొటోలు తీస్తూనే.

ఎల్లన్నకు వచ్చిన హిందీ సిమెంటుకు, ఇసుకకు సరిపోతుంది గాని, ప్రాణం మీదికి వచ్చినప్పుడు సరిపోదు. "సబ్జీ సాబ్... పుంటీ... ఖానే కా" అన్నాడు. ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు పోతుంది, జైలు, ముత్యవ్వకు ఈ సంగతి చెప్పేదెవరు... అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

అప్పుడు బకాలా వెనక తలుపు తెరుచుకుంది. ఘనీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఇక తన పని అయిపోయిందనుకున్నాడు ఎల్లన్న. వీడొక్క మాట అంటే చాలు, నేలంతా వీడిదైపోతుంది.

"ఇది ఎవరిదో నీకు తెలుసా?" అన్నాడు నేగీ.

ఘనీ మడి వైపు చూశాడు, ఎల్లన్న మొహం చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"ఈ మధ్య సాలు నాది సాబ్" అన్నాడు హిందీలో. "అటుపక్కది అతనిది."

ఎల్లన్న నోరు తెరిచాడు. ఇంతటి గండంలోనూ ఈ మనిషి హద్దు వదలడా! కోపం వచ్చింది. కోపం వెనకాలే అసలు సంగతి తట్టింది. నేగీ ఫొటో తీసింది ఆ మధ్య సాలునే, ఘనీ నేరం తన నెత్తిన వేసుకుంటున్నాడు.

"నాది గూడ సాబ్" అన్నాడు ఎల్లన్న ఆగలేక. "మధ్య సాలు నాదే."

"నీది కాదప్పా!"

"నాదే!"

జైలుకు ముందు నేనంటే ముందు నేనని పోట్లాడుకుంటున్న ఇద్దరినీ చూసి నేగీకి ఏం చేయాలో తోచలేదు. అసలు ఈ నేల ఎవరిదో వాళ్ళనే పిలుద్దామని, క్యాంపు ఆఫీసులో ఉన్న నంబరుకు ఫోను చేశాడు.

కాసేపటికి ప్రహరీ అవతల నుంచి పాత పికప్ ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. అందులోంచి తోట యజమాని, అబూ హసన్ అనే ముసలాయన, కర్ర ఊతంగా దిగాడు. నేగీ చెప్పిందంతా ఘనీ అరబ్బీలో తిప్పి చెప్పాడు. ముసలాయన నడిమి సాలు దగ్గరికి వెళ్ళి, లేత ఆకు ఒకటి తుంచి నోట్లో వేసుకున్నాడు. ఆయన ఎడమ కన్ను మూసుకుంది, గడ్డం వణికింది, పులుపు నడినెత్తికి ఎక్కినట్టుంది.

"కర్కదే!" అన్నాడు, ఉన్న పళ్ళన్నీ కనబడేలా నవ్వి.

"ఏమంటున్నడు?" అని ఎల్లన్న ఘనీ మోచేయి పట్టుకున్నాడు. ఫ్రీజరు వచ్చి నిలబడ్డాక, పోట్లాటగా కాకుండా అతనితో మాట్లాడిన మొదటి మాట అదే.

"వీళ్ళు దీని ఎర్రకాయ రేకులు ఎండబెట్టి షర్బత్ చేసుకుంటారప్పా. గాంజా కాదు పాడూ కాదంటాండాడు."

నేగీ తనూ ఒక ఆకు నమిలి చూశాడు. మొహమంతా ముడుచుకుపోయింది. "మా ఊరిదైతే ఇంత పులుపుండదు" అని గొణిగి, ఫొటోలు చెరిపేస్తూ ఆఫీసు వైపు వెళ్ళిపోయాడు.

గండం గడిచిందని ఎల్లన్న అనుకుంటుండగానే ముసలాయన కర్రతో నేలను తట్టాడు. "అది సరే. నా నేలలో సాగు చేయమని మీకెవరు చెప్పారు?"

ఘనీ టోపీ సర్దుకొని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. మధ్య మధ్య ఎల్లన్నను చూపిస్తూ, చేతులు తిప్పుతూ.

"ఏం జెప్తున్నవ్?"

"చచ్చిన నేలను బతికించినోళ్ళకి దానిమింద హక్కు ఉండేదంట కదా ఎనకటి రోజుల్లో. అది గుర్తు చేస్తాండా. నువ్వు నేలను బతికించినావని చెప్తాండా."

"నేను ఒక్కణ్నేనా?"

"ఇద్దరమూ అనే చెప్పినాలే."

ముసలాయన కడుపు పట్టుకొని నవ్వాడు. మా తాత కాలంలో వచ్చి ఉంటే ఆ మాట చెల్లేది, ఇప్పుడు కంప్యూటర్లో దస్తావేజు ఉంది, దానిమీద నా పేరుంది అన్నాడు. అయినా ఆయన కళ్ళు పచ్చటి మడిని వదిలిపోలేదు. ఏళ్ళుగా ఎందుకూ కొరగాదని తను వదిలేసిన మూల అది. మీరు తినేది ఆకే కదా, ఆకు తినండి, కాయ నాకు ఇవ్వండి అన్నాడు. తర్వాత మీ మీ భాగాలు చూపించమన్నాడు. ఇద్దరూ చూపించారు. ఇద్దరి వేళ్ళూ నడిమి సాలు దగ్గరే ఢీకొన్నాయి.

ముసలాయన ఒకసారి ఈ మొహం, ఒకసారి ఆ మొహం చూశాడు. "అయితే ఈ సాలు నాది" అన్నాడు. "దీని ఆకు మీరెవరూ ముట్టొద్దు, కాయ కాయనివ్వండి. నీళ్ళు మాత్రం ఇద్దరూ పోయాలి."

పికప్ వెళ్ళిపోయాక ఎల్లన్నే వంగి తన వైపు నుంచి రెండు గుప్పిళ్ళ ఆకు కోసి ఘనీ చేతిలో పెట్టాడు. "పట్టుకపో. ఏమన్న అనుకో, ఇది పుంటికూర."

"గోగాకు" అన్నాడు ఘనీ. "అంగట్లో పొట్టేలు మాంసం ఉండాది. వండుతా రా. ఉల్లిగడ్డలకి ఇంగ బంకు దాకా నడవాకు, కాళ్ళు పోతాయి."

ఆ శుక్రవారం బకాలా వెనక వండిన కూర వాసనకు పారిపోయినవాళ్ళంతా పట్టీలతో సహా తిరిగొచ్చారు. కుమార్ కుర్చీ వెనక్కి తెచ్చి, తన మూలకు ఇప్పుడు యజమాని అనుమతి కూడా ఉందని ధర పెంచాడు. కొనేవాడు దొరక్క చివరికి తనే టమాటాలు పెట్టుకున్నాడు.

చలి మొదలయ్యాక నడిమి సాలు నిండా ఎర్రెర్రటి కాయలు విరగకాశాయి. అబూ హసన్ గంపతో వచ్చి కోసుకొని, ఇద్దరినీ తోటలోకి తీసుకుపోయి చాపమీద కూర్చోబెట్టాడు. గాజు గ్లాసుల్లో ఎర్రటి షర్బత్ వచ్చింది. ఎల్లన్న ఒక గుక్క తాగి, పాకంలో మునిగినట్టు మొహం పెట్టాడు.

"గింత పుల్లటిదాంట్ల గంత చక్కెర బోస్తరా? ఇంతోటిదానికి ఆకునెందుకు ఇడిచిపెడ్తరు?"

"శానా బాగుందంటాండాడు" అని ఘనీ అరబ్బీలో చెప్పాడు.

ముసలాయన పొంగిపోయి, తోట చివర ఖర్జూర చెట్లు ఎండిపోయిన ఒక పెద్ద మూలను కర్రతో చూపించాడు. అదీ ఉప్పు నేలే, చేస్తారా అని అడిగాడు. ఘనీ ఈసారి తర్జుమా చేయవలసిన అవసరం రాలేదు. ఎల్లన్న అప్పటికే గ్లాసు పక్కన పెట్టి లేచాడు. ఘనీ చెప్పులు వెతుక్కున్నాడు. తోట కాలువకు దగ్గరి వైపు ఎవరిదన్న విషయం మీద మాటలు పెరుగుతుండగా, ఇద్దరూ పక్కపక్కనే ఆ మూల వైపు నడిచారు.